కోడళ్ళ జట్టులో తొమ్మిదో నంబరు

సెప్టెంబర్ 1, సోమవారం

ఈ రోజు మనసు మేడమ్ మా అందరినీ గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టింది. కళ్ళు మూసుకోవాలట. బంతి మన కాళ్ళ దగ్గరికి వస్తున్నట్టు, మనం తన్నినట్టు, వల కదిలినట్టు ఊహించుకోవాలట. పక్కన మారిసోల్ కాసేపటికే గురక మొదలెట్టింది. నేను బంతిని ఊహించుకుందామని ఎంత ప్రయత్నించినా అమ్మ కాల్చే పాస్తె కళ్ళ ముందుకొచ్చింది. లోపల బంగాళదుంప, మాంసం, అంచు దగ్గర కరకరలాడే పిండి. ఆకలి దంచేసింది.

"ఏం కనిపించింది సిట్లాలీ?" అంది మేడమ్.

"వల కదిలింది మేడమ్. చాలా బాగా కదిలింది" అన్నాను.

ఆవిడ అసలు పేరు బెరెనీసె. ఆటగాళ్ళ మనసు ఎలా పనిచేస్తుందో యూనివర్సిటీలో చదువుకుని వచ్చింది. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆవిడ ఆగస్టులో వచ్చేదాకా మా అకాడమీలో ఎవరికీ మనసు లేదు, మా కోచ్ ఎవరిస్తో ఒక్కడే ఉండేవాడు, ఆయన్ని అందరం ప్రొఫె అంటాం. ఇప్పుడు గోల్ ముందు ఊపిరి నాలుగంకెలు లోపలికి పీల్చాలి, నాలుగంకెలు బయటికి వదలాలి. తన్నే ముందు మనసులో ఒక మాట అనుకోవాలి. ఆ మాట ఎవరిది వాళ్ళే ఎంచుకోవాలి. మారిసోల్ "పిడుగు" అంది. నేను "ప్రశాంతం" అన్నాను. మేడమ్‌కి నచ్చుతుందని.

చివర్లో ప్రొఫె వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇరవై ఏడున మన మైదానంలో తులాన్‌సింగో జట్టుతో ఆట. ఆ సాయంత్రమే చెప్తా, జాతీయ పోటీకి ఎవరెవరొస్తారో. మిగతావాళ్ళు ఇక్కణ్ణుంచి సామాను సర్దుకోవచ్చు." చెబుతున్నంతసేపూ అందరినీ చూశాడు, సామాను దగ్గరికొచ్చేసరికి నన్ను చూశాడు.

నాకు భయమేమీ లేదు. నేను గోల్ ముందు పాస్ ఇస్తాను, అంతే. ఫుట్‌బాల్ జట్టుగా ఆడే ఆట కదా.

సెప్టెంబర్ 3, బుధవారం

ప్రాక్టీసులో ఎదురుగా ఖాళీ గోల్. మారిసోల్‌కి పాస్ ఇచ్చాను. దాని చుట్టూ ముగ్గురున్నారు.

"గోల్స్ కొట్టే తొమ్మిదో నంబరు చొక్కా తొడుక్కుని పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం చేస్తున్నావేంటే!" అని అరిచాడు ప్రొఫె. మైదానం అవతల కుక్క కూడా లేచి వెళ్ళిపోయింది.

మంచి పాసే అది.

సెప్టెంబర్ 4, గురువారం

మే నెల సంగతి ఇందులో రాయను.

సెప్టెంబర్ 6, శనివారం

అక్క కాలు విరగ్గొట్టుకుంది. ఆటలో కాదు. బావ మేనకోడలి బాప్టిజం విందులో, ఎత్తు మడమల చెప్పులతో బల్లెక్కి డాన్స్ చేస్తూ. బల్ల ఎందుకెక్కావే అని అమ్మ అడిగితే, "కింద చోటు లేదు" అంది.

మోకాలి దాకా కట్టు. అక్క ఏడవలేదు, కట్టు కట్టిన డాక్టర్ని తిట్టింది. ఆరాసెలి అంటే అంతే. మినీబస్సు స్టాపులో ఆపకపోతే పై స్టాపు వచ్చేదాకా డ్రైవర్ని కడిగేస్తూనే ఉంటుంది. మా ఇంట్లో నోరంతా పెద్దదానికిచ్చి కాళ్ళన్నీ చిన్నదానికిచ్చాను అంటుంది అమ్మ.

కట్టు విప్పేదాకా మా ఇంట్లోనే ఉంటుందట. చూడ్డానికి సాయంత్రం దోన్యా చేలా వచ్చింది. ఆదివారాలు మట్టి మైదానం పక్కన, గోతిలో ఉడికించిన గొర్రెమాంసం అమ్ముతుంది. బావ వాళ్ళ వీధిలో కోడళ్ళంతా కలిసి ఒక జట్టు కట్టారు. దానికి కోచ్, మేనేజర్, వంటమనిషి అన్నీ ఈవిడే. ఈ మధ్యే పెళ్ళయి ఆ వీధికెళ్ళిన పాపానికి అక్క ఈ ఏడు అందులో పేరిచ్చింది. రేపే మొదటి ఆట.

"అయ్యో తల్లీ, ఎంత నొప్పిగా ఉందో" అని అక్క తల నిమురుతూ దోన్యా చేలా నా కాళ్ళ వంక చూసింది. "చిన్నదానిది అచ్చం నీ మొహమేనే ఆరాసెలీ."

"ముక్కు నాదే బాగుంటుంది" అంది అక్క.

"లీగువాళ్ళిచ్చే కార్డు మీద ఫోటో అగ్గిపెట్టంత. అందులో ముక్కెవడు చూస్తాడు?"

విషయం అర్థమైంది. కుదరదని అప్పుడే చెప్పేశాను. అకాడమీ పిల్లలు ఆదివారం మట్టి మైదానాల్లో ఆడకూడదు, ప్రొఫెకి తెలిస్తే ఆ రోజే బయటికి. పైగా ఒకళ్ళ కార్డు మీద ఇంకొకళ్ళు ఆడితే కాచిరూల్ అని ఊరంతా వేలెత్తి చూపిస్తారు. ఏడాది నిషేధం.

"నిషేధం పడేది ఆరాసెలికే కదా" అంది దోన్యా చేలా. "దానికెలాగూ కాలు విరిగింది."



రేపొక్కరోజే. అక్క కోసం.

సెప్టెంబర్ 7, ఆదివారం

మైదానం కొండవాలు మీద ఉంది. గడ్డి పరకైనా లేదు, గాలి మాత్రం మా ఊరు పచూకా గాలే. గోల్‌కీపర్ తన్నిన బంతి చుట్టం చూపుగా వెళ్ళి మళ్ళీ గోల్‌కీపర్ దగ్గరికే వచ్చేస్తోంది.

రిఫరీ కార్డులు పట్టుకుని పేర్లు పిలిచాడు. "ఆరాసెలి మొంతియెల్!" నేను కొండ చూస్తున్నాను. దోన్యా చేలా నడుం మీద గిల్లింది.

"ఆ, ఇక్కడే ఉన్నా, చెవుడు నాకు కాదు!" అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. అది నా గొంతు కాదు, అక్కది. రిఫరీ ఫోటో చూడనే లేదు, గబగబా పక్క పేరుకి వెళ్ళిపోయాడు.

జట్టులో అందరూ నాకు అమ్మ ఈడువాళ్ళే. దోన్యా చేలా తప్ప ఎవరికీ అక్క మొహం సరిగ్గా తెలీదు.

"కొత్త కోడలా, మీ ఆయన మంచోడేనా?" అంది గోల్‌కీపరమ్మ.

"నిద్రపోయేటప్పుడు మంచోడే" అన్నాను. అక్క ఎప్పుడూ అనే మాటే. వదినలంతా పొట్ట పట్టుకుని నవ్వారు.

ఎదురు జట్టు కూరగాయల మార్కెట్‌ది. నాకు మొదటి బంతి రాగానే పాస్ ఇద్దామని ఎడమవైపు చూశాను. మా ఎడమవైపు ఆవిడ కంచె దగ్గర నిలబడి కొడుకు ముక్కు తుడుస్తోంది. కుడివైపు ఆవిడ చెప్పుల కోసం వెనక్కెళ్ళింది. ఇవ్వడానికి మనిషే లేదు. ఇప్పుడు అక్కయితే ఏం చేస్తుంది అనుకున్నాను. అక్క ఎవర్నీ అడగదు.

కొట్టాను. గోల్‌కి ఆమడ దూరంలో పోయి, తమాలేలు అమ్మే బండికి తగిలింది.

"ఆరాసెలీ, గోల్ ఇటుందే తల్లీ!" "బండివాడు నీకేం బాకీ పడ్డాడే!" అని రెండు జట్లూ కలిసి అరిచాయి. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, "గోల్‌ని కాస్త ఇటు జరపండి మరి, మూలకి పెట్టుకుంటే ఎలా?" అన్నాను.

అన్నది నేనే.

తర్వాతి బంతి లోపలికెళ్ళింది. దాని తర్వాతదీ వెళ్ళింది. ఆట అయ్యాక దోన్యా చేలా నా టాకోల్లో మాంసం కుక్కి కుక్కి పెట్టింది. నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి. అక్కతో చెబితే, "నేను చాలా బాగా ఆడానన్నమాట" అని మురిసిపోయింది.

సెప్టెంబర్ 10, బుధవారం

పాస్ ఇచ్చాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇది అక్క కోసమే. దానికి కట్టులో కాలు దురద పెడుతోంది, సాయంత్రం ఆట కబుర్లు చెబితే మర్చిపోతుంది. నా కోసమైతే నేను వెళ్ళనే వెళ్ళను.

ఈ రోజు బబుల్‌గమ్ నములుతూ ఆడాను. రిఫరీతో గొడవపడ్డాను. మంగలి షాపువాళ్ళ జట్టు గోల్‌కీపర్ కాళ్ళ సందులోంచి బంతి పంపించి, "క్షమించు వదినా, తలుపు తీసుంది" అన్నాను. అంతమంది ముందు! వదినలు నన్ను భుజాల మీదికెత్తుకోబోయి అందరం కలిసి దుమ్ములో పడ్డాం.

"పిల్లలెప్పుడే ఆరాసెలీ?" అని అడిగింది ఒకావిడ. "కప్పు గెలిచాక" అన్నాను. ఇంటికొచ్చి చెబితే బావ మొహం మాడిపోయింది.

వచ్చే ఆదివారం అత్తల జట్టుతో. ఆ జట్టు పేరే అత్తలు. నాలుగేళ్ళుగా కప్పు వాళ్ళింట్లోనే ఉంది.

సెప్టెంబర్ 17, బుధవారం

మనసు మేడమ్ ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడుతోంది. నా వంతు వచ్చింది.

"నీ మాట పనిచేస్తోందా? ప్రశాంతం?"

"చాలా మేడమ్."

"మరి సోమవారం గోల్ ముందు మూడుసార్లు పాస్ ఇచ్చావు."

"ప్రశాంతంగా ఇచ్చాను మేడమ్."

ఆవిడ నవ్వలేదు. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "మేలో ఏమైంది?" అంది మెల్లగా. ఎవరు చెప్పారో. మారిసోల్ అయ్యుంటుంది, దాని నాలిక కత్తిరించాలి.

చెప్పేశాను. ఎలాగూ చెప్పాను కాబట్టి ఇక్కడా రాసేస్తాను. సెమీఫైనల్, ఆఖరి నిమిషం. వాళ్ళ గోల్‌కీపర్ కింద పడిపోయి ఉంది. బంతి నా దగ్గర, గోల్ నా ముందు, మధ్యలో ఎవరూ లేరు. గోల్ పైనుంచి కొట్టాను. ఓడిపోయాం.

"అందరూ తిట్టారా?"

"లేదు మేడమ్. ఎవరూ ఒక్క మాట అనలేదు. బస్సులో కూడా. ప్రొఫె కూడా. ఇల్లు చేరేదాకా బస్సులో ఇంజిన్ తప్ప ఏమీ వినిపించలేదు."

మేడమ్ ఊపిరి లెక్కపెట్టమంది. నాలుగు దాకా లెక్కపెట్టి ఐదో అంకెకి ఏడ్చాను. ఆవిడంత చల్లగా ఉండటం మనుషులకి ఎలా సాధ్యమో. ఆవిడకి జీవితంలో ఎప్పుడూ చేతులు వణికి ఉండవు.

సెప్టెంబర్ 21, ఆదివారం

అయిపోయింది. అంతా అయిపోయింది.

అత్తల జట్టులో ఆడాలంటే ఇంట్లో కనీసం ఒక కోడలుండాలి. గోల్‌కీపర్‌కి మాత్రం ఆ పట్టింపు లేదు. ఈ వయసులో నేల మీద దొర్లడానికి ఏ అత్తా ఒప్పుకోదు. అందుకని కెప్టెన్ దోన్యా ఒర్తెన్సియా తన కోడల్ని లాక్కొచ్చి నిలబెడుతుందట. "అదుగో ద్రోహి! శత్రువుల గోల్ కాస్తోంది!" అని మా వదినలు ముందు నుంచే వేళాకోళం మొదలెట్టారు. నేనూ అక్క గొంతుతో, "సిగ్గులేదా వదినా, మా వైపు వచ్చెయ్!" అని అరిచాను.

ద్రోహి ఇటు తిరిగింది. మనసు మేడమ్.

పాత ట్రాక్‌సూటు, చెదిరిన జుట్టు, చేతులకి ఎవరివో పెద్ద గ్లవుజులు. నన్ను చూసింది. నేను ఆవిడని చూశాను. అప్పుడే రిఫరీ "ఆరాసెలి మొంతియెల్!" అని పిలిచాడు. నేను "ఇక్కడ" అన్నాను, చీమకి వినిపించేంత గొంతుతో. మేడమ్ కనుబొమలు జుట్టులోకి వెళ్ళిపోయాయి.

ఆట సంగతి చెప్పాలంటే, అకాడమీలో ఆ చల్లటి మనిషి ఇక్కడ లేనే లేదు. గోల్ వెనకాల ఎవరు కదిలినా అదిరిపడుతోంది. దోన్యా ఒర్తెన్సియా మైదానం మధ్యలో నిలబడి వెనక్కి తిరిగి మరీ కోడల్ని కేకలేస్తోంది. "చేతులకి నూనె రాసుకొచ్చావా! నా కొడుకు చొక్కా అయినా గట్టిగా పట్టుకుంటావా లేదా!" మేడమ్ ఒక బంతి వదిలేసింది, ఇంకో బంతి తనే లోపలికి నెట్టేసుకుంది, తర్వాత గ్లవుజులు నేలకేసి కొట్టి ఒక మాట అంది. ఆ మాట ఇందులో రాయలేను. నేను వీలైనంతమేర అటువైపు వెళ్ళకుండా ఆడాను.

ఆఖర్లో అత్తలు ఒక గోల్ ఎక్కువ కొట్టి ముందున్నారు. మాకు పెనాల్టీ. "ఆరాసెలీ! ఆరాసెలీ!" అని మొత్తం వీధి అరుస్తోంది.

బంతి పెట్టాను. మేడమ్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు...

"నిద్రపోతున్నావా కోడలా!" అని అరిచింది దోన్యా ఒర్తెన్సియా.

నేను నడుం మీద చేతులు పెట్టుకుని చూశాను. అక్క రాలేదు. ఆవిడకి నేనెవరో తెలుసు కదా, ఇంక అక్కెలా వస్తుంది? అక్కడ సిట్లాలి ఒక్కతే ఉంది. కాళ్ళు రెండూ ఎవరివో అయిపోయాయి.

బంతి ఆకాశంలోకెళ్ళి, గాలికి వంపు తిరిగి, దోన్యా చేలా గొర్రెమాంసం గిన్నెలో పడింది.

వదినలు పడీ పడీ నవ్వారు. "రేపు బంతి టాకోలు!" అన్నారు. దోన్యా చేలా బంతిని గరిటెతో తీసి తుడిచింది. నేను ఒక్కదాన్నే నవ్వలేదు. మేడమ్ కూడా నవ్వలేదు.

సెప్టెంబర్ 22, సోమవారం

పొద్దున్నే గదికి పిలిచింది. సామాను ఎక్కడ సర్దుకోవాలో ఆలోచించుకుంటూ వెళ్ళాను.

మేడమ్ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "నిన్న నా చేతులు చూశావా?" అంది.

"చూశాను మేడమ్. నాలుగంకెలు లెక్కపెట్టలేదా?"

"రెండు దగ్గర మా అత్తగారు అరిచారు."

ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. ఆవిడ నవ్వితే పళ్ళన్నీ కనిపిస్తాయి, ఎప్పుడూ చూడలేదు. పాఠం చెప్పడం వేరట, గోల్ ముందు నిలబడటం వేరట. ఆ అత్తగారి ముందు నిలబడటం ఇంకా వేరట. కావాలంటే ఒకసారి గోల్ ముందు నిలబడి, ఎదురుగా మీ అత్త అరుస్తున్నట్టు ఊహించుకో అంది. నాకు అత్త లేదు, నిన్న అక్క పేరుతో ఆడినంతసేపు మాత్రం ఉంది అన్నాను.

తర్వాత అడిగింది. "ఆరాసెలి గోల్ ముందు ఏం చేస్తుంది?"

"కొడుతుంది."

"సిట్లాలి?"

"పాస్ ఇస్తుంది."

"రెండు కాళ్ళూ నీవే కదా?"

"సిట్లాలి పోగొడితే ఇంటికి పంపిస్తారు మేడమ్. ఆరాసెలిని ఎక్కడికి పంపిస్తారు? ఇంట్లోనే ఉంది, కట్టుకట్టుకుని."

మేడమ్ పెన్ను పక్కన పెట్టింది. "మనసులో అక్కని తెచ్చుకో, తప్పులేదు. పెద్దపెద్ద ఆటగాళ్ళు కూడా ఎవరో ఒకర్ని తెచ్చుకుంటారు. జేబులో అక్క కార్డు మాత్రం వద్దు. ప్రొఫెకి ఎల్లుండిలోపు నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సొస్తుంది, అది నా ఉద్యోగం."

"పంపించేస్తాడు మేడమ్."

"పంపించచ్చు" అంది. అబద్ధం ఆడలేదు. అందుకే కోపం కూడా రాలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

చెప్పాను. ప్రొఫె పాస్తె తింటూ విన్నాడు, నమలడం మాత్రం ఆపాడు.

"ఏ జట్టు?"

"కోడళ్ళు ప్రొఫె."

"అత్తల మీద ఆడారా?"

"ఆడాం."

"ఎవరు గెలిచారు?"

"అత్తలు."

"ఎప్పుడూ వాళ్ళే" అని నిట్టూర్చాడు. ఆ తర్వాత గుర్తొచ్చినట్టుంది, బల్ల మీద గుద్దాడు. పాస్తె ముక్క ఎగిరి నా షూ మీద పడింది. బుద్ధుందా అన్నాడు. రాళ్ళ మీద కాలు విరిగితే ఎవడు జవాబు చెప్పాలి అన్నాడు. నీ సంతకం లేదా ఆ నిబంధన కింద అన్నాడు. చెవులు చిల్లులు పడ్డాయి. బస్సులో ఆ మౌనం కంటే ఇదే నయమనిపించి, తల దించుకుని హాయిగా తిట్లు తిన్నాను.

అలిసిపోయాక అడిగాడు. "గోల్స్ కొట్టావా అక్కడ?"

"కొట్టాను ప్రొఫె."

"ఆ గాలిలో?"

"ఆ గాలిలోనే."

మీసం నములుకున్నాడు. "నెలంతా జట్టు చొక్కాలు ఉతుకు. శనివారం బెంచీ మీద కూర్చో. నేను పిలిస్తే వస్తావ్, పిలవకపోతే అక్కణ్ణుంచే ఇంటికెళ్తావ్. పో."

సెప్టెంబర్ 25, గురువారం

లీగువాళ్ళకి కూడా చెప్పేశాను. కోడళ్ళ పాయింట్లన్నీ కొట్టేశారు. అక్కకి ఏడాది నిషేధం. "ఒక్క ఆటా ఆడకుండా నిషేధం పడ్డది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే" అని అందరికీ ఫోన్ చేసి గొప్పగా చెప్పుకుంటోంది.

దోన్యా చేలా నాతో మాట్లాడటం లేదు. వీధిలో ఎదురుపడితే తల అటు తిప్పుకుంది. ఎవరి కోసమో వెళ్ళానని ఇన్నాళ్ళూ రాసుకున్నాను. అక్క కోసమైతే ఇంత బాధ ఎందుకేస్తుంది?

శనివారం అక్కని మనసులోకి తెచ్చుకుంటాను. అదొక్కటే దారి. అద్దం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాను, బాగానే వచ్చింది.

సెప్టెంబర్ 27, శనివారం

వరసగా రాయాలి, లేకపోతే చివరిది ముందు రాసేస్తాను.

ఆటకి అక్క వచ్చింది. చంకకర్రలతో, బావ మీద వాలి, గ్యాలరీ మొదటి వరసలో. దాని వెనకాల కోడళ్ళంతా. దోన్యా చేలా కూడా. "నిన్ను క్షమించలేదు, కాస్త గాలి పీల్చుకుందామని వచ్చా" అంది. పచూకాలో గాలి పీల్చుకోవడానికి టికెట్టు కొనుక్కుని రావాలా? చివర మేడమ్, ఆవిడ పక్కన దోన్యా ఒర్తెన్సియా.

నేను బెంచీ మీద. సగం ఆట అయింది. ఇంకా అయింది. ఎవరూ గోల్ కొట్టలేదు. ప్రొఫె నా వైపు చూడలేదు. చూస్తే బాగుండని, చూడకపోతే బాగుండని రెండూ అనుకున్నాను. తర్వాత మా జట్టులో ముందు వరసలో ఆడే పిల్ల కాలు పట్టేసి కుంటింది. "సిట్లాలీ! లే!" అన్నాడు.

వచ్చిన కాసేపటికే మారిసోల్‌ని గోల్ ముందు పెనాల్టీ గీతల లోపల పడగొట్టారు. పెనాల్టీ. మా జట్టులో పెనాల్టీలు కొట్టేది మారిసోలే, అదేమో మోకాలు పట్టుకుని దొర్లుతోంది. "ఎవరు?" అని అరిచాడు ప్రొఫె. అందరూ తమ తమ బూట్ల వంక చూసుకున్నారు. నేనూ నా బూట్లు చూసుకున్నాను. లేసు సరిగ్గానే ఉంది.

"నేను" అన్నాను.

బంతి పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని అక్క కోసం చూశాను. అక్క గ్యాలరీలో ఉంది. చంకకర్ర గాల్లో ఊపుతూ రిఫరీ మీద పడింది. "ఇంతసేపా ఈల ఊదడానికి! పొద్దున ఏం తినలేదా!" అక్కడ అంత పెద్ద ఆరాసెలి ఉండగా ఇక్కడ ఇంకో ఆరాసెలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రశాంతం అనుకున్నాను, నవ్వొచ్చింది. మేడమ్ కళ్ళు మూసుకుని లెక్కపెడుతోంది, ఆవిడ నా వంతు కూడా లెక్కపెట్టేస్తుందిలే అనుకున్నాను.

కొట్టాలని ఉంది. అదే కొత్తగా అనిపించింది. భయం అక్కడే ఉంది, అయినా నాకు కొట్టాలని ఉంది.

కొట్టాను. గోల్‌కీపర్ ఆపేసింది.

బంతి ఆమె చేతుల్లోంచి జారి నా దగ్గరికే వచ్చింది. మళ్ళీ కొట్టాను. ఒక పిల్ల తొడకి తగిలి బయటికి పోయింది. కార్నర్ కొట్టారు, ఆ తోపులాటలోంచి బంతి బయటికి దొర్లి నా ముందు ఆగింది. ఎడమవైపు మా పిల్ల ఒకతి ఖాళీగా నిలబడి, "ఇటివ్వు, ఇటివ్వు!" అని చేతులూపుతోంది. ఇవ్వలేదు. మూడోది కొట్టాను. పైనుంచి పోయింది, అచ్చం మే నెలలో లాగే.

నేను నిలబడిపోయాను. ఆ మౌనం వస్తుందని చూస్తున్నాను.

"అది రేపు పొద్దుటికి దిగుతుందిలే, కింద గిన్నె పట్టుకుని నిలబడండి!" అని అరిచింది దోన్యా చేలా. వదినలంతా గొల్లుమన్నారు. దోన్యా ఒర్తెన్సియా, "మా కోడలే నయం!" అంది. మారిసోల్ కుంటుకుంటూ వచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చింది. "దిష్టిబొమ్మలా నిలబడ్డావేంటే, వాళ్ళు బంతి తన్నేస్తున్నారు, పరిగెత్తు!"

పరిగెత్తాను. ఈల ఊదేదాకా పరిగెడుతూనే ఉన్నాను. ఇంకో బంతి వస్తుందని చూశాను, రాలేదు. ఎవరూ గెలవలేదు.

బట్టలు మార్చుకునే గదిలో ప్రొఫె నిలబడి పేర్లు చదివాడు. మారిసోల్ పేరు వచ్చింది. ఒక్కొక్క పేరే వస్తోంది, నాది రావడం లేదు. నేను సంచీ జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాను. ఏడవకూడదనుకున్నాను, అప్పటికే ఏడుస్తున్నాను.

"ఆఖరుది, బెంచీకి" అన్నాడు. "సిట్లాలి మొంతియెల్. గురి నేర్పడం నాకొచ్చు. కొట్టనిదానికి ఏం నేర్పను?" కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఒక్క ఆటలో మూడు పోగొట్టినదాన్ని నా సర్వీసులో చూళ్ళేదు" అన్నాడు.

"మూడు కాదు ప్రొఫె, రెండున్నర" అంది మారిసోల్. "ఒకటి తొడకి తగిలింది, అది తొడ తప్పు."

"పెనాల్టీ కూడా గోల్‌కీపర్ గొప్పతనమే" అంది ఇంకోతి. "ఆ లెక్కన ఒకటిన్నర." గది మొత్తం లేచి లెక్కలు మొదలెట్టింది. ఒకతి తన షూ తీసి తొడగా పెట్టి చూపిస్తోంది. అందరూ ఒకేసారి అరుస్తున్నారు, నన్నే వేళాకోళం చేస్తున్నారు, చెవులు పగిలిపోతున్నాయి.

నేను బెంచీ ఎక్కాను. "నోర్ముయ్యండే అందరూ!" అన్నాను. నా గొంతుతోనే. "ఒక్కటి కూడా తగ్గించడానికి వీల్లేదు. మూడూ నావే!"